ట్రాక్ పక్కన నిలబడేవాళ్ళు

సభాధ్యక్షులకు, ఆటోమొబైల్ విభాగం అధ్యాపకులకు, పొద్దుటినుంచి ఓపికగా ప్రసంగాలు వింటున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు ‘రేసింగ్ రంగ ప్రముఖుడు’ అన్నారు. మద్రాసు దగ్గరి షోలవరం రేసు ట్రాకులో నేను కారు నడపలేదు. మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాను, అంతే. ఆ పని చేసేవాళ్ళను మార్షల్స్ అంటారు.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘ప్రపంచ ప్రసిద్ధ రేసింగ్ సర్క్యూట్లు’ అని వేశారు. అది ముందు ముగిస్తాను. మోటారు పందేల కోసమే కట్టిన తొలి ట్రాక్ ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్. అది 1907లో మొదలైంది. 1909లో అమెరికాలో ఇండియానాపోలిస్ వచ్చింది. అక్కడ మొదట వేసిన రాళ్ళూ తారూ తొలి పోటీలకే లేచిపోయి ప్రాణాలు పోతే, అప్పుడు 32 లక్షల ఇటుకలు పరిచారు. ఈ మాట గుర్తుంచుకోండి: ముందు ప్రాణాలు, తర్వాత ఇటుకలు. 1922లో ఇటలీలోని మోంజాను రాజోద్యానంలో 110 రోజుల్లో కట్టారు. 1927లో జర్మనీ కొండల్లో నూర్బర్గ్‌రింగ్ తెరిచారు. దాని ఉత్తరపు చుట్టు ఒక్కటే 22 కిలోమీటర్ల పైమాట. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బాంబర్లు ఎగిరిన ఖాళీ మైదానం సిల్వర్‌స్టోన్ అయింది. 1950 మే 13న ఫార్ములా వన్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి రేసు అక్కడే జరిగింది. మా షోలవరం కూడా యుద్ధకాలపు రన్‌వేయే. ఎండలో ఆ కాంక్రీటు మీద నిలబడినవాడికి బూటు అడుగు ఎంత పలచనో తెలుస్తుంది.

అంశం అయిపోయింది. ఇక నేను చెప్పాలని వచ్చింది చెబుతాను.

బెల్జియంలో స్పా అనే సర్క్యూట్ ఉంది. పాత స్పా అంటే మామూలు రోడ్లే. ఊళ్ళ మధ్య నుంచి, ఇళ్ళ గోడల పక్కనుంచి, టెలిఫోన్ స్తంభాల పక్కనుంచి 14 కిలోమీటర్ల చుట్టు. 1966 రేసులో మొదటి చుట్టులోనే వాన పడింది. బ్రిటిష్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్ కారు గంటకు 260 కిలోమీటర్ల పైన వేగంతో రోడ్డు తప్పి ఒక రైతు ఆవరణలో పడింది. స్టీరింగ్ కింద కాలు ఇరుక్కుంది. టాంకు పగిలి పెట్రోలు ఆయన ఒంటిని ముంచింది. ఒక్క నిప్పురవ్వ చాలు. బయటికి తీసింది ఎవరు? అదే వానలో అక్కడే కార్లు తప్పిన మరో ఇద్దరు డ్రైవర్లు, గ్రాహమ్ హిల్, బాబ్ బాండురాంట్. వాళ్ళ దగ్గర పానా లేదు. చూడటానికి వచ్చిన ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చి స్టీరింగ్ విప్పారు. సుమారు పాతిక నిమిషాలు పట్టింది. తర్వాత ఆసుపత్రికి తీసుకెళుతున్న అంబులెన్సు దారి తప్పింది! ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు అండీ అది, ఊరి జాతర కాదు. ఆ తర్వాత స్టీవర్ట్ తన కారులోనే ఒక పానా అంటించి పెట్టుకునేవాడు. ట్రాకుల భద్రత కోసం గట్టిగా పోరాడినందుకు పిరికివాడనిపించుకున్నాడు కూడా.

పదేళ్ళ తర్వాత, 1976లో, నూర్బర్గ్‌రింగ్‌లో డ్రైవర్ నికీ లౌడా కారు మండిపోయింది. ఆయన్ని మంటల్లోంచి లాగినవాళ్ళు కూడా తోటి డ్రైవర్లే. అంత పొడవైన ట్రాకుకు అంతటా సరైన ఏర్పాటు పెట్టడం సాధ్యం కాదు. ఫార్ములా వన్ ఆ పాత చుట్టుకు మళ్ళీ వెళ్ళలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం. ఆ తలుపు పక్కన గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ వేలాడుతోంది, చూశారా? అందులో ఉన్నది నీరా, నురగా, పొడా? తెలిసినవాళ్ళు చేతులెత్తండి. సరే, దించండి. ముందు వరుసలో పెద్దలు కూడా ఎత్తలేదు, నేను గమనించాను.

1973 జూలై 29, నెదర్లాండ్స్‌లో జాండ్‌వోర్ట్. రోజర్ విలియమ్సన్ కారు తలకిందులై అంటుకుంది. లోపల మనిషి బతికే ఉన్నాడు. వెనక వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపి, రేసు నడుస్తున్న ట్రాకును దాటి పరుగెత్తాడు. ఒక్కడే ఆ కారును తిప్పబోయాడు. సిలిండర్ తెచ్చి మంట మీద చల్లాడు, అది అయిపోయింది. పక్కనే మార్షల్స్ ఉన్నారు. వాళ్ళకు నిప్పు తట్టుకునే దుస్తులు లేవు, దగ్గరికి పోలేకపోయారు. సాయానికి కంచె దాటి రాబోయిన ప్రేక్షకులను పోలీసులు ఆపారు. దాటిపోతున్న డ్రైవర్లేమో పర్లీని చూసి, మండుతున్న కారు అతనిదే, మనిషి బయటపడ్డాడు అనుకున్నారు. రేసు ఆగలేదు. విలియమ్సన్ అక్కడే చనిపోయాడు. పర్లీకి తర్వాత బ్రిటన్ సాహస పతకం జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆ మార్షల్స్‌ను మాత్రం ఇప్పటికీ తిడతారు. నేను తిట్టను. ఉత్త చొక్కాతో పంపించినవాళ్ళను తిడతాను.

ఎందుకంటే నన్నూ అలాగే పంపించారు. ఒక పోటీలో, ఎవరి పోటీ అన్నది అనవసరం, మాకిచ్చిన సిలిండరుకు సీలు లేదు. ఊపి చూస్తే తేలిగ్గా ఉంది. అడిగితే, ‘ఇవాళ దాని అవసరం రాదులెండి’ అన్నారు. అవసరం రాలేదు, నిజమే. ఆ మాట అన్నాయన మధ్యాహ్నం నీడలో కూర్చుని విజేతకు దండ వేశాడు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

దక్షిణాఫ్రికాలో క్యలామీ, 1977. అది ఆ ప్రమాదం తర్వాత లౌడా మళ్ళీ గెలిచిన రేసుగా గుర్తుంది. అదే రేసులో ఒక కారు పక్కకు ఆగి చిన్న మంట వస్తే, ఇద్దరు మార్షల్స్ ట్రాకు దాటి పరుగెత్తారు. మొదటివాడు దాటాడు. రెండోవాడి పేరు ఫ్రెడరిక్ యాన్సెన్ వాన్ వ్యూరెన్. వయసు 19, మీ వయసు. చేతిలో బరువైన సిలిండరు. రోడ్డు కాస్త ఎత్తెక్కి దిగేచోటు కాబట్టి వెనక వస్తున్న టామ్ ప్రైస్‌కు అతను కనిపించలేదు. అతనూ, ప్రైసూ ఇద్దరూ పోయారు. 2000లో మోంజాలో ఊడి వచ్చిన చక్రం తగిలి పావ్లో జిస్లింబెర్టీ, మరుసటి ఏడు మెల్‌బోర్న్‌లో అలాగే గ్రాహమ్ బెవరిడ్జ్. ఇద్దరూ మార్షల్సే. మోంజాలో గెలిచిందెవరో మీలో చాలామందికి తెలుసు. ఈ పేర్లు ఇవాళైనా విన్నారు.

2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు, జరిగింది. మరుసటి ఏడు రద్దయింది. ఎందుకు రద్దయిందన్న గొడవలోకి నేను పోను. రేసు వస్తుంది, పోతుంది. ట్రాకు వేయడానికి డబ్బుంటే చాలు. మలుపు మలుపుకూ శిక్షణ పొందిన మనుషులు కావాలంటే ఏళ్ళు పడుతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తున్నాను. బయట బల్ల మీద ఒక కాగితం పెట్టించాను. మార్షల్ పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు పేరు రాయండి. జీతం ఉండదు, ఫొటోలు తీసుకోవడం కుదరదు. పసుపు జెండా పట్టేవాడు ప్రమాదం వైపు చూస్తాడు, పక్కవాడు వస్తున్న కార్ల వైపు చూస్తాడు. రేసు చూసే తీరిక ఇద్దరికీ ఉండదు. అమ్మాయిలు కూడా రావచ్చు, రావాలి. నైలాన్ బట్టలు వేసుకుని మాత్రం రావద్దు, నిప్పుకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్టలు, చీలమండ దాటే బూట్లు. సిలిండర్లు నేను తెస్తాను, నిండుగా ఉన్నవి.