పనిపడవకు ట్రోలింగ్ మోటారు: ముందు చూడవలసింది పట్టెడ

నమస్కారం. ఒడిశాలో రంభ వైపు చిలికా సరస్సులో పడవ వేసే మనవాళ్లలో ఎవరికి ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు, అంటే బ్యాటరీతో పడవను నడిపే చిన్న మోటారు, చూపించినా "ఎన్ని పౌండ్లదండీ?" అని అడుగుతారు. పౌండ్లు అంటే ఇక్కడ బరువు కాదు, మోటారు పడవను తోసే బలం. ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ పడవను రేవులో కట్టేసి, మోటారును రోజూ ఇంటికి మోసుకుపోవలసిన మనిషి దానికంటే ముందు, విప్పడానికి ఎంతసేపు పడుతుందని అడగాలి.

[తెరపై: కాడి దించిన ఎడ్లబండి]

రైతు బండిని కళ్లంలో వదిలేసి ఎద్దును ఇంటికి తోలుకుపోతాడు. మన పడవ ఆ బండి, మోటారు ఆ ఎద్దు. మెడ పట్టెడ విప్పడానికి రైతుకు పానా అక్కర్లేదు, మనకూ అక్కరపడకూడదు.

మోటారుకు పట్టెడ దాని క్లాంపు. పడవ వెనక చెక్కకు రెండు మరలతో చేత్తో బిగించే ట్రాన్సమ్ రకమే పనిపడవకు తగినదని నా గట్టి అభిప్రాయం. ముక్కు దగ్గర బోల్టులతో బిగించే రకాన్ని రోజూ విప్పాలంటే పానా లేకుండా ఊడదీసే క్విక్ రిలీజ్ ప్లేటు విడిగా కొనుక్కోవాలి, పైగా వల లాగేచోట అది కాళ్లకు అడ్డం. పడవ రెండు కొనలూ సూదిగా ఉంటే, వెనకవైపు అంచుకు గట్టి పలక అడ్డంగా బిగించి, దాని మందం క్లాంపు నోట్లో పడుతుందో లేదో కొలిచిన తరువాతే డబ్బు ఇవ్వండి.

ఒకసారి నా మోటారు మర అదురుకు వదులై, చెక్క మీద నుంచి జారి నీళ్లలో వేలాడింది. మునగకుండా ఆపింది మూరెడు నైలాన్ తాడు. పట్టెడతో పాటు పలుపు కూడా ఉండాలని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను.

ఎద్దును విప్పినా మేత మోయక తప్పదు, ఇక్కడ మేత అంటే బ్యాటరీ. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 30 కిలోలు ఉంటుంది, అందులోనూ సగం వరకే వాడుకోవాలి. అదే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ధర ఎక్కువే అయినా రోజూ మోసే భుజాన్ని లెక్కలోకి తీసుకోండి. తీగలను మెలిపెట్టి కట్టకండి: 55 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది, ఉప్పుగాలికి పచ్చని చిలుము పట్టిన అతుకు ఆ కరెంటుకు కాలిపోతుంది. తీగలు కలిపేచోట అండర్సన్ ప్లగ్గు పెట్టండి, అది లాగితే ఊడుతుంది, నెడితే కూర్చుంటుంది. కరెంటు మితిమీరితే ఆపేసే 60 ఆంపియర్ల బ్రేకరును బ్యాటరీ పక్కనే బిగించండి.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. పడవ, మనుషులు, వలలు కలిపి ప్రతి 45 కిలోలకు 2 పౌండ్ల చొప్పున లెక్క వేయండి. 700 కిలోలకు 31 పౌండ్లు వస్తుంది, గాలి ఉంటుంది కనుక 45 గాని 55 గాని తీసుకోండి. చిలికా నీరు ఎండాకాలంలో ఉప్పెక్కుతుంది కాబట్టి జింక్ ఆనోడ్ (మోటారు లోహానికి బదులు తాను తుప్పుపట్టే జింకు ముక్క) ఉన్న ఉప్పునీటి రకమే కొని, ఇంటికి వెళ్లగానే మంచినీళ్లతో కడగండి. పంకా నీటి మట్టానికి అడుగు లోతున మునిగేలా కాడ పొడవు చూసుకోండి. వారానికొకసారి పంకా నట్టు విప్పి, ఇరుసుకు చుట్టుకున్న వలదారం తీసేయండి. ఆ దారం సీలును కోస్తే మోటారులోకి నీళ్లు వెళతాయి.