మిద్దె మీద నుంచి టపాసుల ఫోటోలు: మొదటిసారి తీసేవాళ్ళకి

[రాత్రి, మిద్దె మీద. ట్రైపాడ్‌కి బిగించిన కెమెరా. వెనక వీధిలో సీమటపాకాయల మోత]

నమస్తే. ఇది నెల్లూరులో మా మిద్దె. అదిగో, ఆ కొబ్బరిచెట్టు వెనకాల వీధిలో తారాజువ్వలు మొదలుపెట్టేశారు. అసలు షాట్లు, అంటే పైకి లేచి పువ్వులా విచ్చుకునే టపాసులు, ఇంకాసేపటికి లేస్తాయి. ఈలోపు ఒక ఫోటో చూపిస్తా, నవ్వకండి.

[తెర మీద: తెల్లటి మరక లాంటి ఫోటో]

నా మొదటి దీపావళి ఫోటో ఇది. అది ఎర్ర షాట్, ఒట్టు. చూస్తే మజ్జిగ ఒలికినట్టుంది. తెల్లగా వస్తోంది కదా అని ఆ రోజు షట్టర్ టైం, అంటే కెమెరా వెలుగు కోసం తెరిచి ఉండే సేపు, తగ్గించుకుంటూ పోయా. 4 సెకన్లు, 2, 1, అర సెకను. పువ్వు చిన్నదైంది గానీ తెలుపు పోలేదు. ఎందుకో తెలిసేసరికి పండగ అయిపోయింది.

[కాకరపువ్వొత్తి వెలిగించి గాల్లో సున్నా చుట్టాలి]

ఇది చూడండి. ఈ వెలుగు ఒకచోట ఆగట్లేదు కదా. షాట్‌లో నిప్పురవ్వ కూడా అంతే, కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద ఒక్కో చుక్కని రెప్పపాటులో దాటేస్తుంది. మీరు షట్టర్ 2 సెకన్లు తెరిచినా 8 సెకన్లు తెరిచినా ఆ చుక్క మీద పడే వెలుగు మారదు. గీత పొడుగవుతుంది, ఇంకో రెండు పువ్వులు అదే ఫ్రేములోకి వస్తాయి, అంతే. గీత తెల్లబడుతుందా, ఎర్రగానే ఉంటుందా అనేది అపర్చర్, ఐఎస్ఓ చేతిలో ఉంది. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు దూరే కన్నం, ఐఎస్ఓ అంటే ఆ వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో ఆ అంకె. ఆకాశం, ఇళ్ళ లైట్లు కదలవు కాబట్టి అవి మాత్రం ఎక్కువసేపు తెరిస్తే వెలిగిపోతాయి.

కాబట్టి ఐఎస్ఓ 100 పెట్టేసి మర్చిపోండి. అపర్చర్ ఎఫ్/8తో మొదలుపెట్టండి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది, వెలుగు తగ్గుతుంది. స్ట్రాన్షియంతో వచ్చే ఎరుపు, బేరియంతో వచ్చే ఆకుపచ్చ, ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య బాగుంటాయి. మెగ్నీషియం, అల్యూమినియం తెల్లగా భగ్గుమంటాయి, వాటికి ఎఫ్/16 దాకా వెళ్ళొచ్చు. రాగితో వచ్చే నీలం మసకగా ఉంటుంది, దానికి ఎఫ్/5.6. మాకు నీలం షాట్లని అమ్మినవి సగం ఊదాగా పేలాయి, అది వేరే కథ.

చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటూ ఉంటే పువ్వు రాలిపోతుంది. అదిగో, దూరంగా సెల్ టవర్ మీద ఎర్ర లైటు. దాని మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, రింగు మీద టేపు ముక్క అంటించేశా. ఫ్లాష్ ఆపండి, ట్రైపాడ్ మీద ఉంది కాబట్టి చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కూడా. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఒకటుంటుంది, అదీ ఆపాలి. లేకపోతే 5 సెకన్ల ఫోటోకి కెమెరా ఇంకో 5 సెకన్లు మొరాయించి కూర్చుంటుంది.

[చేతిలోని అట్టమూత దగ్గరగా]

ఇది మలై కాజా పెట్టె మూత. లోపలివైపు నల్ల చార్టు అంటించా. షట్టర్ బల్బ్‌లో, అంటే మనం వదిలేదాకా తెరిచే ఉండే మోడ్‌లో ఉంటుంది, రిమోట్ నొక్కి లాక్ చేసి, మూత లెన్స్‌కి అడ్డం పెడతా. తగలకూడదు, తగిలితే కెమెరా ఊగుతుంది. కింద ‘సుయ్’మనగానే మూత తీస్తా. పువ్వు విచ్చుకుని రవ్వలు కిందికి వంగాక మళ్ళీ అడ్డం. ఇంకోటి లేస్తే ఇంకోసారి. ఒకే ఫోటోలో మూడు పువ్వులు. నాలుగోదానికి ఆశపడ్డామా, ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం.

ఇక పొగ. దీపావళి నాటికి మనకి ఈశాన్య రుతుపవనాలు. గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే కాబట్టి, టపాసులకి ఆ వైపు మీరుంటే పొగ నైరుతికి పోతుంది. కానీ సముద్రం దగ్గరి ఊళ్ళు, గాలిని నమ్మలేం. ఒక అగరబత్తి వెలిగించి చూసుకోండి, చాలు. ముసురు పట్టి గాలి ఆడకపోతే పొగ అక్కడే వేలాడుతుంది, అప్పుడు మొదటి పది నిమిషాల్లో దొరికిందే ఫోటో. సుప్రీంకోర్టు 2018లో దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా అని టైం పెట్టింది. మా వీధి ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు, అందుకే 7కే మిద్దె ఎక్కుతా. కెమెరా మీద కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చుకోండి. నవంబరు వాన చెప్పి రాదు.

ఫోన్ ఒక్కటే ఉందా? ప్రో మోడ్‌లో ఐఎస్ఓ అట్టడుగుకి, షట్టర్ 2 సెకన్లకి పెట్టి, ఫోన్‌ని పిట్టగోడకి ఆనించండి. చాలా ఫోన్లలో అపర్చర్ మార్చలేం, ఎఫ్/1.8 దగ్గర ఉంటుంది. ఎఫ్/8తో పోలిస్తే దాదాపు 20 రెట్ల వెలుగు. అందుకని లెన్స్ ముందు చలవ కళ్ళద్దం పెట్టండి. నిజంగానే. రంగు కాస్త తేడా వస్తుంది, మజ్జిగ మరక కంటే నయం.

[‘సుయ్’మన్న శబ్దం. మూత తీయాలి]

ఒకటి... మూత. రెండు... మూత. మూడు. అబ్బ, కొబ్బరాకుల పక్కనే పడింది, భలే... ఇంకోటి లేస్తోందే.

[మూత మళ్ళీ తీయాలి. తెర మీద: నాలుగు పువ్వులు కలిసిపోయిన ఫోటో]