కొత్త పిల్లాడి ఏడాది ఎవరి చేతిలో ఉంటుంది?

అందరికీ నమస్కారం. మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో ఒక ఏడాది ఎలా గడుస్తుందో చెప్పమన్నారు. టైమ్‌టేబుల్ చెప్పాలంటే రెండు నిమిషాలు చాలు. తెల్లవారకముందే గంట, గ్రౌండ్‌లో పీటీ, స్నానాలు, అసెంబ్లీ, క్లాసులు, సాయంత్రం ఆటలు, రోల్ కాల్, స్టడీ అవర్, మెస్, ఆ తర్వాత లైట్లు ఆర్పేస్తారు. ఏడాదంతా ఇదే. నేను అలాంటి బళ్ళో చదువుకున్నాను, తర్వాత చాలా ఏళ్ళు అలాంటి చోటే వార్డెన్‌గా పనిచేశాను. ఇన్నేళ్ళూ చూశాక చెబుతున్నాను, కొత్తగా చేరిన పిల్లాడి ఏడాది బాగుంటుందా, పాడవుతుందా అన్నది చాలావరకు తేల్చేది వాడికంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాడైన ఇంకో పిల్లాడు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు మొదటి రోజు సంగతి. తల్లిదండ్రులు ట్రంకు పెట్టె మోసుకొచ్చి మంచం కింద పెడతారు, అమ్మ దుప్పటి పరుస్తుంది, నాన్న తాళం రెండుసార్లు లాగి చూస్తాడు, మళ్ళీ లాగి చూస్తాడు, ఎందుకంటే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ గదిలో ఒకలాంటి నిశ్శబ్దం ఉంటుంది. ఒక ఏడాది నా డార్మిటరీలో పదేళ్ళ పిల్లాడు చేరాడు. వాడికి మూడు యూనిఫాం చొక్కాలున్నా ఎప్పుడూ రెండే వేసుకునేవాడు. ఉతికినవి ఆరకపోతే తడివే వేసుకుని క్లాసుకి పోయేవాడు. జలుబు చేసి సిక్‌రూమ్‌లో పడుకున్నాడని తెలిసి, మూడో చొక్కా ఏమైందిరా, పోయిందా అని గట్టిగానే అడిగాను. వాడేమీ మాట్లాడకుండా పెట్టె తెరిచి చూపించాడు. అడుగున పేపరు మీద నీటుగా మడత పెట్టి ఉంది. అది అమ్మ మడత పెట్టిన చొక్కా. మిగతా రెండూ ఉతుక్కున్నాక వాడే మడత పెట్టుకోవాల్సి వచ్చింది, మూడోదాని మడత మాత్రం విప్పడం వాడికి ఇష్టం లేదు. అంతకు మించి వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటి మీద బెంగ మొదటి రోజే ఎక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతవరకు అలా ఉండదు. మొదటి వారం అంతా కొత్త, గందరగోళం, ఏడవడానికి తీరిక ఉండదు. మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఆదివారం మధ్యాహ్నం ఏ గంటా కొట్టని ఆ రెండు మూడు గంటల్లో అది వచ్చి పడుతుంది, లేదంటే లైట్లు ఆర్పాక. పగలు పదిమంది మధ్య ఏడిస్తే పేరు పెడతారు, ఆ పేరు బడి వదిలేదాకా పోదు. అందుకే మగపిల్లలు అక్కడ మొట్టమొదట నేర్చుకునేది చప్పుడు లేకుండా ఏడవడం. తలదాకా దుప్పటి కప్పుకున్నవాడు నిద్రపోతున్నాడని అనుకోకండి, నిద్రపోయేవాడు అలా బిగుసుకుని ఉండడు.

మరి ఆ టైములో వాడి పక్కన ఎవరుంటారు? యాభై మందికి ఒక వార్డెన్, ఆయన గది వరండా చివర. పక్క మంచం మీద ఉండేది ఇంకో పిల్లాడే.

ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో 1382లో విలియం ఆఫ్ వికమ్ అనే బిషప్ వించెస్టర్ కాలేజీ స్థాపించినప్పుడు డెబ్భైమంది విద్యార్థులకి చోటు పెట్టాడు. వాళ్ళు పడుకునే ఒక్కో గదిలో వయసులో, బుద్ధిలో కాస్త ముందున్న పిల్లలు కొందరు ఉండి, మిగతావాళ్ళని కనిపెట్టుకుని ఉండాలని నియమం రాశాడు. ఆ బడినే చూసి ఆరో హెన్రీ రాజు 1440లో ఈటన్ పెట్టాడు, అక్కడా డెబ్భైమందే. ఐదారు వందల ఏళ్ళ కిందటే పెద్దలకి తెలుసు, పిల్లల గదిలో రాత్రిపూట కాపలా కాయగలిగింది పిల్లలేనని. కనిపెట్టుకుని ఉండమన్న మాట క్రమంగా పెత్తనం చెయ్యమన్నట్టు మారిపోయింది. చిన్నపిల్లలు పెద్ద తరగతుల వాళ్ళకి బూట్లు తుడవడం, గది ఊడవడం, పిలిస్తే పరిగెత్తడం ఆ బళ్ళలో మామూలు ఆచారమైంది, దానికి ఫ్యాగింగ్ అని పేరు. రగ్బీ స్కూలుకి 1828 నుంచి 1842లో చనిపోయేదాకా హెడ్‌మాస్టర్‌గా ఉన్న థామస్ ఆర్నాల్డ్ పై తరగతి పిల్లలని నమ్మి బడి నడిపించాడు. వాళ్ళకి నీతి, బాధ్యత నేర్పితే మిగతావాళ్ళకి అదే అందుతుందని ఆయన ఆశ. ఆశ మంచిదే, కానీ ఆయన వాళ్ళ చేతికి శిక్షించే అధికారం కూడా ఇచ్చాడు, దాన్నే మిగతా బళ్ళూ ఎత్తుకున్నాయి. ఇంగ్లండులో ప్రైవేటు బళ్ళకి బెత్తాన్ని చట్టం నిషేధించింది 1999లో, అంటే నిన్న మొన్న. మన దేశానికీ ఈ నమూనా ఇంగ్లండు నుంచే వచ్చింది, దానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. డెహ్రాడూన్‌లో 1935లో డూన్ స్కూల్ మొదలైతే దాని మొదటి హెడ్‌మాస్టర్ ఆర్థర్ ఫుట్ ఈటన్‌లో పాఠాలు చెప్పిన మనిషే. పిల్లల్ని హౌస్‌లనే జట్లుగా విడగొట్టడం, ఒక్కో హౌస్‌కి ఒక పెద్ద విద్యార్థిని కెప్టెన్‌గా పెట్టడం, మిగతా పిల్లల్ని అదుపులో ఉంచే ప్రిఫెక్టులనే విద్యార్థులు, అన్నీ ఇంగ్లండు బళ్ళ దారిన నడిచి వచ్చినవే.

నా తప్పు ఒకటి చెబుతాను. నేను వార్డెన్ అయిన కొత్తలో ఒక హౌస్ కెప్టెన్ ఉండేవాడు, చురుకైనవాడు, రోల్ కాల్ అప్పుడు వాడి లైను తాడు కట్టినట్టు ఉండేది. డార్మిటరీలో చీమ చిటుక్కుమనేది కాదు. వాణ్ణి అందరిముందూ మెచ్చుకునేవాణ్ణి. నాలుగు నెలల తర్వాత ఒక చిన్నపిల్లాడి మోకాళ్ళు రెండూ కమిలిపోయి ఉండటం సిక్‌రూమ్ నర్సు చూసి నాకు చెప్పింది. స్టడీ అవర్ అయ్యాక బాత్రూమ్ గచ్చు మీద అరగంటసేపు మోకాళ్ళ మీద నిలబెట్టేవాడట, రోజూ ఎవరో ఒకర్ని. నేను మురిసిపోయిన నిశ్శబ్దం అదీ. కెప్టెన్‌ని పిలిచి అడిగితే వాడు బెదిరిపోలేదు, ఆశ్చర్యపోయాడు. "నన్నూ ఇలాగే నిలబెట్టారు సార్, నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడు చిన్నవాడిగా ఉన్నప్పుడు ఆ డార్మిటరీకి వార్డెన్‌గా ఉన్నది నేను కాకపోయినా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడాది నుంచి మా హౌస్‌లో శిక్షించే అధికారం ఏ విద్యార్థికీ లేకుండా తీసేశాం. పుషప్స్ కూడా వద్దన్నాం. కెప్టెన్లు చాలా గొడవ పెట్టారు, క్రమశిక్షణ పోతుందని కొందరు టీచర్లూ అన్నారు, నిజంగానే మొదటి టర్మ్ అంతా గోలగోలగా ఉంది. బదులుగా ప్రతి కొత్త పిల్లాడినీ వాడికంటే ఒక్క ఏడాది సీనియర్‌కి అప్పగించాం. మూడు నాలుగేళ్ళు పెద్దవాడైతే వాడి కొత్త రోజులు వాడే మరిచిపోయి ఉంటాడు. ఒక్క ఏడాది పెద్దవాడికి అన్నీ గుర్తుంటాయి, బాత్రూమ్‌లో ఏ కుళాయికి ముందు నీళ్ళొస్తాయో, ఏ సార్ హోంవర్క్ మొదటి రోజే చూస్తాడో, బట్టలు ధోబీకి వేసేటప్పుడు నంబరు కాలర్ లోపల కాకుండా ఎక్కడ కుడితే పోకుండా ఉంటుందో. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ పదేళ్ళవాడికి రోజంతా టెన్షన్ పెట్టేవి ఇవే. ఒకరాత్రి రౌండ్‌కి వెళ్ళినప్పుడు చూశాను, కొత్త పిల్లాడు దుప్పటి ముసుగేసుకుని ఉంటే వాడి సీనియర్ లేచి వచ్చి, "నీ టార్చ్ ఇవ్వరా, నాది పోయింది" అన్నాడు. వాడి టార్చ్ వాడి జేబులోనే ఉంది, వెలుగు బయటికి కనిపిస్తోంది. చిన్నవాడు కళ్ళు తుడుచుకుని లేచి, పెట్టెలో వెతికి ఇచ్చాడు, ఇద్దరూ మంచం మీద కూర్చుని ఏదో గుసగుసలాడుకున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. ఓదార్చకుండానే ఓదార్చడం ఎలాగో ఆ పదకొండేళ్ళవాడికి తెలిసినంత నాకు తెలీదు.

రెండో టర్మ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిల్లలు కుదురుకుంటారు, హౌస్ మ్యాచ్‌లంటే ప్రాణం పెడతారు, కొట్టుకుంటారు, మర్నాడు ఒకే సబ్బుతో స్నానం చేస్తారు.

సెలవులకి ఇంటికొచ్చిన పిల్లాడి గురించి మాత్రం తల్లిదండ్రులు వినాలి. వాడు అయిదింటికే లేచి మంచం సర్ది కూర్చుంటాడు. సొంత ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి అడిగి వెళ్తాడు. అందరికంటే ముందు తినేసి కంచం పట్టుకుని నిలబడతాడు. అమ్మానాన్నలు అది చూసి ఎంత బాగుపడ్డాడో అని మురుస్తారు. ఒక్కసారి ఆగి చూడండి. ఇల్లు తనదే అన్న సంగతి వాడికి మళ్ళీ గుర్తుకు రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. జాయ్ షావెరియన్ అనే బ్రిటిష్ సైకోథెరపిస్ట్, చిన్నప్పుడే బోర్డింగ్‌కి పంపిన పిల్లలు పెద్దయ్యాక కూడా మనసులో మాట బయటపెట్టలేక, దగ్గరివాళ్ళతోనే దూరంగా ఉండిపోవడం గమనించి, 2011లో దానికి బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బోర్డింగ్‌లో చదివిన ప్రతివాడూ అలా అవుతాడని నేననను, నా స్నేహాలన్నీ అక్కడివే, ఇప్పటికీ అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేది వాళ్ళే. కానీ ఆమె చెప్పిన మనుషులు కూడా నాకు తెలుసు, కొందరు నా బ్యాచ్‌వాళ్ళే.

అందుకని ఫోన్‌లో "బాగున్నావా, బాగా చదువుతున్నావా" అని అడగకండి. రెండింటికీ జవాబు ఊఁ అనే వస్తుంది. నీ పక్క మంచం ఎవరిది, లైట్లు ఆర్పాక ఏం చేస్తారు, మీ కెప్టెన్ ఎలాంటివాడు అని అడగండి. కెప్టెన్ పేరెత్తగానే గొంతు మారితే, మరో ఆదివారం దాకా ఆగకుండా బయల్దేరి రండి. విజిటింగ్ డే కాదని గేటు దగ్గర ఎవరైనా అంటే వార్డెన్‌ని పిలవమనండి. ఇదివరకు నేనూ తల్లిదండ్రులని, మీరొస్తే వాడు కుదురుకోడు అని వెనక్కి పంపినవాణ్ణే. ఇప్పుడైతే పంపను. అమ్మానాన్నలు వచ్చి వెళ్ళాక పిల్లాడు ఏడిస్తే అది వాడి ఆరోగ్యమే.

మూడో టర్మ్ చివర పరీక్షలైపోయి అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే ఆ చొక్కా పిల్లాడు నన్ను పిలిచాడు. మూడో చొక్కా మడత విప్పి ఒంటి మీద పెట్టుకుని చూపించాడు. భుజాల దగ్గర రెండంగుళాలు పొట్టి. "సార్, పట్టట్లేదు" అని నవ్వాడు, కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, తర్వాత వాడికొచ్చినట్టు మడత పెట్టి మళ్ళీ అడుగునే పెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది కొత్తవాళ్ళు దిగిన రోజు వాడికి అప్పగించిన పిల్లాడు తాళంచెవి ఎక్కడో పారేసుకుని బిత్తర చూపులు చూస్తున్నాడు. వీడు తన మెడలో తాడు తీసి, తన తాళంచెవి విప్పి జేబులో వేసుకుని, ఆ తాడు వాడి చేతిలో పెట్టి, "ముందు చెవి వెతుకుదాం, దొరికాక దీనికి కట్టుకో, స్నానం చేసేటప్పుడు కూడా తియ్యకు" అని చెప్పి మంచం కిందకి దూరాడు.