కొట్టెటోడి మాట మనది, తినెటోడి మాట మనది గాదు

తమ్ముడు: అందరికీ నమస్తే. ఇయ్యాల ‘విసారణై’ గురించి మాట్లాడుకుందాం, వెట్రిమారన్ తీసిన తమిళ సినిమా. 2015ల వెనిస్ ఫెస్టివల్‌ల చూపెట్టిండ్రు, 2016 ఫిబ్రవరిల థియేటర్లకొచ్చింది. పాతదే గదా అంటరేమో, నేనైతే పోయిన వారం మా నాయినతోని కూసొని మళ్ల చూసిన, అప్పటిసంది మనసుల మనసు లేదు. అందుకే నల్గొండ కోర్టుల ప్రాక్టీసు చేసే అక్కను పిల్సిన. కథ మొత్తం బయటికొస్తది, చూడనోళ్లు చూసినంక ఇనుండ్రి.

అక్క: ముందు కథ నువ్వే చెప్పు తమ్మీ.

తమ్ముడు: నలుగురు తమిళ పిలగాండ్లు అక్కా, బతుకుదెరువుకు గుంటూరొచ్చి, రూం కిరాయి మిగుల్తదని పార్కుల పంటుంటరు. ఒకడు కిరాణం కొట్ల పనిచేస్తుంటడు. పోలీసోళ్లొచ్చి గుంజుకపోతరు, ఎందుకో చెప్పరు, కొడ్తనే ఉంటరు. వీళ్లకు తెలుగు అంతంత మాత్రమే. ఎవరో పెద్దోళ్లింట్ల దొంగతనమైంది, కేసు తేలాలె, దానికి నలుగురు గావాలె, వీళ్లు నలుగురున్నరు. గంతే.

అక్క: ఇది కూసొని అల్లుకున్న కథ గాదు గదా.

తమ్ముడు: గాదు. ఎం. చంద్రకుమార్ అని కోయంబత్తూరుల ఆటో నడిపేటాయన, 1983ల గుంటూరుల తనకైందే ‘లాకప్’ అని నవల రాసిండు. వెనిస్‌కు ఆయన్ను గూడ తీస్కపోయిండ్రు.

అక్క: మీ నాయిన ఏమన్నడు చూసి?

తమ్ముడు: అది చెప్పాల్నంటే ఎన్కకు పోవాలె అక్కా. మాది పాలమూరు గదా, మక్తల్ దిక్కు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తడు, దసరా పోయినంక మూట కట్టుకోని ముంబై, పుణె, యాడ పనుంటే ఆడికి పోవుడే. నాయిన మట్టిపనికి పోయిన ఒక సైట్ల ఇనుప రాడ్లు పోయినయ్. మన గుంపుల నలుగుర్ని ఠాణాకు తీస్కపోయిండ్రు, రెండు రాత్రులు ఉంచిండ్రు. ఏమడుగుతుండ్రో తెల్వదు, తెల్వదని చెప్పడానికి గూడ మాట రాదు. ఆయనకు మరాఠీ ఇప్పటికీ ఒక్క ముక్కే వస్తది, ‘మలా మాహీత్ నాహీ’. నాకు తెల్వదు అని. ఆ రెండు రాత్రులల్ల నేర్చుకున్నది.

అక్క: నాకు ఈ సినిమాల బాగ పట్టింది అదే తమ్మీ. కోపమొచ్చి కొట్టుడు ఉండదు దాంట్ల. అజయ్ ఘోష్ చేసిన ఇన్‌స్పెక్టర్‌ను చూడు, మన తెలుగాయనే, ‘పుష్ప’ల కొండారెడ్డి చేసిండు గదా, ఆయన. డ్యూటీ చేస్తున్నట్టే కొడ్తడు, ఫైల్ క్లోజ్ జెయ్యాలె అంతే. నేను జూనియర్‌గున్నప్పుడు నాకు అసలు అర్థం గాకపోతుండె, పోలీసు ముందట ఒప్పుకున్నది కోర్టుల చెల్లదని 1872 నాటి ఎవిడెన్స్ యాక్టుల 25వ సెక్షనే చెప్పింది, కొత్త చట్టంల గూడ ఉన్నది ఆ మాట, మరి చెల్లనిదానికోసం ఎందుకు కొడ్తరు అని.

తమ్ముడు: అవ్, ఎందుకు?

అక్క: రికవరీ కోసం. నిందితుడు చెప్తేనే ఫలానా సొత్తు దొరికింది అంటే ఆ ముక్క వరకు కోర్టు తీస్కుంటది, పాత యాక్టుల అది 27వ సెక్షన్. అందుకే ఇద్దరు పంచులను, అంటే సాక్షులను పెట్టి పంచనామా రాస్తరు, ఆ పంచులు ఎవరో, ఎక్కడ సంతకం పెట్టిండ్రో కోర్టుల క్రాస్ ఎగ్జామినేషన్‌ల అడిగితే నీళ్లు నములుతరు. ఇంకోటి, పైనుంచి ఒత్తిడి ఉంటది, కేసు డిటెక్ట్ అయ్యిందా లేదా అనే అడుగుతరు గని ఎట్ల అయ్యిందని అడగరు. పేదోన్ని దొరకవడ్తే అడిగెటోడు రాడు, అదొక్కటే లెక్క.

తమ్ముడు: 24 గంటల్ల జడ్జి ముందట పెట్టాలె గదా?

అక్క: పెట్టాలె, రాజ్యాంగంల 22వ ఆర్టికల్. ఇంట్లోళ్లకు చెప్పాలె, అరెస్టు మెమో రాయాలె, 48 గంటలకొకసారి డాక్టర్‌కు చూపియ్యాలె, ఇవన్ని 1996ల డీకే బసు కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. తప్పించుకునుడు ఎట్లంటే, అరెస్టే చూపియ్యరు. ‘విచారణకు పిల్సినం’ అంటరు. నాలుగు రోజులైనా విచారణే. సినిమా పేరే అది, విసారణై అంటే విచారణే.

తమ్ముడు: నాకది తట్టలే అక్కా!

అక్క: ఏదో గుంటూరు కత, 83 కత అనుకునేరు. 2021 జూన్‌ల మన పాత నల్గొండ జిల్లాలనే, అడ్డగూడూరు ఠాణాల, దొంగతనం అనుమానం మీద తీస్కొచ్చిన ఒక దళిత ఆడమనిషి ప్రాణం పోయింది. వంట చేసుకుని బతికేటామె. ముగ్గురు పోలీసోళ్లను ఉద్యోగంలకెల్లి తీసేసిండ్రు. అంతకు ముందు ఏడాదే, 2020 డిసెంబర్‌ల, ప్రతి ఠాణాల సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. టార్చర్‌కు వ్యతిరేకంగ ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997ల సంతకం పెట్టింది, రాటిఫై మాత్రం, అంటే దానికి కట్టుబడి ఉంటమని ఖాయం చేసుడు మాత్రం ఇప్పటిదాక చెయ్యలే.

తమ్ముడు: ఇగ సెకండాఫ్ అక్కా. మస్తుమంది ఇది వేరే సినిమా లెక్కున్నది అంటరు. కోర్టుల వీళ్ల మాట జడ్జికి తెలుగుల చెప్పి ఇడిపిచ్చేది తమిళ ఇన్‌స్పెక్టర్ ముత్తువేల్, సముద్రఖని చేసిండు, నేషనల్ అవార్డొచ్చింది. ఆయన గుంటూరొచ్చింది కేకే అనే ఆడిటర్ కోసం. పార్టీల పైసల లెక్కలన్ని ఆ కేకే చేతులున్నయ్. కేకేతోని పాటు ఈ పిలగాండ్లను గూడ తమిళనాడుల తన ఠాణాకు తీస్కపోతడు.

అక్క: వేరే సినిమా కానేకాదు. ఫస్టాఫ్‌ల లాకప్‌ల పేదోడున్నడు, సెకండాఫ్‌ల కోట్ల లెక్కలు చూసినోడున్నడు. ఇద్దరికీ అదే గది, అదే లాఠీ. ఆడిటర్ సచ్చిపోతె దాన్ని ఆత్మహత్య జెయ్యాలె, ఠాణా ఊడుస్తున్న పిలగాండ్లు ఇన్నరు కాబట్టి వాళ్లు బతకొద్దు. ఆఖరికి ముత్తువేల్ గూడ బతకడు. మంచోడే, కని పైనోడు చెప్తె కాదనలేడు. మన దగ్గర గూడ జనం ఏమంటరు, ఎస్సై పోస్టింగ్‌కు ఎమ్మెల్యే లెటర్ గావాలంటరు. పోస్టింగ్ ఇప్పిచ్చినోడు ఫోన్ చేస్తె స్టేషన్ ఎట్ల కాదంటది? దానికే గదా 2006ల ప్రకాశ్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు, ఠాణా ఇన్‌ఛార్జికి కనీసం రెండేండ్లు కదిలియ్యకుండ ఉండాలె అన్నది.

తమ్ముడు: నీకు నచ్చనిది ఏమన్న ఉన్నదా?

అక్క: కోర్టు సీను. ఆ టైంకు తమిళం వచ్చిన మనిషి వరండాల ఉండుడు, జడ్జి ఓపికతోని ఇనుడు... నిజంగ అట్ల ఎంతమందికి దొరుకుతది? పొద్దుగాల రిమాండ్‌ల లైన్ కడ్తరు, ఒక్కో మనిషికి ఎంతసేపు, ‘కొట్టిండ్రా’ అని అడుగుతరు, ఎనక కొట్టినోడే నిలవడి ఉంటడు. బయటి రాష్ట్రమోడైతే ఆ ప్రశ్న గూడ తెల్వదు, తలకాయ ఊపుతడు. ఇప్పుడు నల్గొండ మిల్లులల్ల, ఇటుక బట్టీలల్ల ఒడిశా, బిహార్ పిలగాండ్లు ఉన్నరు తమ్మీ, వాళ్లల్ల ఎవడన్న దొరికితె మా దగ్గర వాళ్ల భాష చెప్పేటోడు ఎవడు? లీగల్ ఎయిడ్ నెంబర్ 15100 ఉన్నది, ఫ్రీ లాయర్‌ను ఇస్తరు, కని ఈ పిలగాండ్ల పనికాడికి పోయి ఈ నెంబర్ చెప్పిన మనిషిని నేను చూడలే. వచ్చే నెల మేము ఇద్దరు ముగ్గురం పోదామనుకుంటున్నం.

తమ్ముడు: నేనొస్త అక్కా. నాయినను గూడ తీస్కొస్త.

అక్క: మరి చెప్పనే లేదు, ఏమన్నడు నాయిన?

తమ్ముడు: తమిళం బొమ్మనే పెట్టిన, కింద ఇంగ్లీషు అక్షరాలు, ఆయనకు రావు. గుంటూరు పోలీసోళ్లు తెలుగుల తిడ్తుంటె ఆ మాటలన్ని ఆయనకు అర్థమైతున్నయ్. పిలగాండ్లు ఏడ్సుకుంట ఏం చెప్తున్నరో ఒక్కటి గూడ అర్థమైతలేదు. కొంచెంసేపు చూసి నా చెయ్యి పట్టుకున్నడు. ‘కొట్టెటోడి మాటే తెలుస్తుంది బిడ్డా, ఆ పిలగాడు ఏమంటుండు?’ అన్నడు. తెల్వదంటుండు నాయినా అన్న. ఫోన్ బోర్లేసి బయట అరుగు మీదికి పోయి కూసున్నడు.