మీ జీతంలో కోసిన పెన్షన్ డబ్బు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

నమస్తే అండీ. కొన్నాళ్లుగా నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఉద్యోగాలు పోతున్నాయి, షేర్ మార్కెట్ పడుతోంది, ధరలు మండిపోతున్నాయి, రిటైర్మెంట్ కోసం దాచుకున్నది అలాగే ఉంచాలా, తీసేసుకోవాలా? దానికి జవాబు చెబుతాను, కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ డబ్బు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

నా మొదటి ఉద్యోగం సంగతి చెబుతాను. నెలనెలా పే స్లిప్‌లో పెన్షన్ కోత అని ఒక లైన్ వచ్చేది, ఆ లైన్ చూసుకుని నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. మూడో ఏడాది ఒకరోజు పెన్షన్ ఫండ్ నుంచి వచ్చిన స్టేట్‌మెంట్ తీసి, పే స్లిప్పులన్నీ పక్కన పరుచుకుని, పెన్సిల్‌తో ఒక్కో నెలకీ టిక్ పెట్టుకుంటూ వచ్చాను. ఏడు నెలలు సరిపోయాయి. ఎనిమిదో నెల లేదు. తొమ్మిదో నెలా లేదు. మొత్తం నాలుగు నెలలు జీతంలోంచి కోశారు, ఖాతాలో మాత్రం వేయలేదు. అకౌంట్స్‌లో అడిగితే "కాస్త డబ్బుకి ఇబ్బందిగా ఉంది, వచ్చే నెల కలిపి వేసేస్తాం" అన్నారు. అంటే నన్ను ఒక్క మాటైనా అడక్కుండా నా జీతాన్ని అప్పుగా వాడేసుకున్నారన్నమాట.

పెన్షన్ అనేది యాజమాన్యం జాలిపడి ఇచ్చేది కాదండీ. అది ఈ రోజు చేసిన పనికి రావాల్సిన జీతమే, కాకపోతే ముప్పై ఏళ్ల తర్వాత చేతికొస్తుంది. ఆ ముప్పై ఏళ్లూ అది ఎక్కడ ఉంటుంది, ఎవరు ముట్టుకోగలరు అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

అమెరికాలో స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీ ఉండేది. 1963 డిసెంబరులో సౌత్ బెండ్‌లో ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించింది. పెన్షన్ నిధి చూస్తే ఇచ్చిన మాటకి సరిపడా డబ్బు అందులో లేదు. అప్పటికే రిటైరైనవాళ్లకి, 60 దాటినవాళ్లకి పూర్తిగా ఇచ్చారు. 40 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 4,000 మందికి పైగా కార్మికులకి రావాల్సిన దాంట్లో సుమారు 15 శాతం చేతిలో పెట్టారు, ఇంకా చిన్నవాళ్లకి అసలేమీ రాలేదు. 59 ఏళ్ల మనిషి, జీవితమంతా ఆ షెడ్డులోనే పనిచేసి, ఒక్క ఏడాది తేడాతో అలా మిగిలిపోయాడంటే ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఈ ఘటన మీద ఏళ్ల తరబడి చర్చ జరిగాకే 1974లో అక్కడ పెన్షన్లకి రక్షణ చట్టం వచ్చింది, కంపెనీ మునిగినా ఒక పరిమితి వరకు చెల్లించే బీమా సంస్థ కూడా వచ్చింది.

బ్రిటన్‌లో ఇంకో రకం. రాబర్ట్ మాక్స్‌వెల్ అని పత్రికల అధిపతి, 1991 నవంబరులో సముద్రంలో చనిపోయి దొరికాడు. ఆ తర్వాత లెక్కలు తీస్తే తన కంపెనీల ఉద్యోగుల పెన్షన్ నిధుల్లోంచి 40 కోట్ల పౌండ్లకి పైగా మాయమైందని తేలింది. కంచే చేను మేసింది. నిధిని కాపాడాల్సిన ట్రస్టు మీద పెత్తనం కూడా ఆయనదే, ఇక అడ్డేముంది? అందుకే నేను ఈ మాట పదేపదే అంటాను: పెన్షన్ నిధి కంపెనీ ఖాతాకి పూర్తిగా వేరుగా ఉండాలి, దాన్ని చూసే ట్రస్టులో కార్మికుల ప్రతినిధులు ఉండాలి, లెక్కలు బయటివాళ్లు ఆడిట్ చేయాలి. యూనియన్ చర్చల్లో జీతం పెంపు గురించి ఎంత గట్టిగా అడుగుతారో దీని గురించీ అంతే గట్టిగా అడగాలి.

ఇప్పుడు చాలా చోట్ల రిటైరయ్యాక ఇంత ఇస్తామని మాటిచ్చే పెన్షన్లు తగ్గిపోయి, మీ ఖాతాలో ఎంత పోగైతే అంతే అనే పద్ధతి వచ్చింది. ఆ డబ్బు షేర్లలాంటి వాటిలో పెడతారు, లాభమైనా నష్టమైనా మీదే. అమెరికాలో ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ ఉద్యోగులకి జరిగింది అదే. వాళ్ల రిటైర్మెంట్ ఖాతాల్లో 60 శాతానికి పైగా సొంత కంపెనీ షేర్లే. 2000 ఆగస్టులో 90 డాలర్లు ఉన్న షేరు, 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసే నాటికి డాలరు కూడా పలకలేదు. ఖాతాల నిర్వహణ వేరే సంస్థకి మారుస్తున్నామని ఆ పతనం మధ్యలోనే కొన్ని వారాలు అమ్ముకోనివ్వలేదు కూడా. ఉద్యోగం, పొదుపు రెండూ ఒకేసారి పోయాయి. మీ జీతం ఏ కంపెనీ మీద ఆధారపడి ఉందో మీ ముసలితనం కూడా దాని మీదే ఆధారపడకూడదు, ఆ కంపెనీ ఎంత మంచిదైనా సరే.

సరే, ఉంచాలా తీయాలా అన్న ప్రశ్నకి వద్దాం. మీకు రిటైర్మెంట్ ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లుంటే, మార్కెట్ పడినప్పుడు భయపడి తీసేయడం కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. నష్టం అప్పటిదాకా కాగితం మీదే ఉంటుంది, తీసిన రోజు నిజమైపోతుంది. చిలీలో కోవిడ్ సమయంలో 2020, 2021లలో మూడుసార్లు పెన్షన్ ఖాతాల్లోంచి తీసుకోనిచ్చారు. పనుల్లేని జనానికి ఆ డబ్బు అప్పుడు నిజంగానే అవసరం, వాళ్లని తప్పుపట్టను. కానీ చాలామంది ఖాతాలు, ముఖ్యంగా తక్కువ జీతాలవాళ్లవి, ఖాళీ అయిపోయాయి.

రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్నవాళ్లకి మాత్రం వేరే లెక్క ఉంది, ఇది కాస్త నిదానంగా వినండి. ఇద్దరి దగ్గర చెరో 100 ఉంది, ఏటా చివర 10 తీసుకుంటున్నారు. మొదటి మనిషికి మార్కెట్ మొదటి ఏడాది 30 శాతం పడింది, రెండో ఏడాది 10 పెరిగింది, మూడో ఏడాది 30 పెరిగింది. రెండో మనిషికి అవే మూడు అంకెలు, వరస మాత్రం తిరగేసి. అసలేమీ తీయకపోతే ఇద్దరికీ సమానంగా 100 దగ్గరే మిగిలేది. తీస్తూ వెళ్తే మొదటి మనిషికి 62.8 మిగులుతుంది, రెండో మనిషికి 75.4. ఇద్దరూ ఏ తప్పూ చేయలేదు, ఒకరికి చెడ్డ ఏడాది ముందొచ్చింది, అంతే. అందుకే విరమణకి ఐదారేళ్ల ముందు నుంచే, మొదటి రెండు మూడేళ్ల ఖర్చుకి సరిపడా డబ్బు మార్కెట్‌తో పాటు పెరగని, తగ్గని చోటికి మెల్లగా మార్చుకోవాలి. అంతా మార్చేయకండి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో డబ్బు విలువ సగమైపోతుంది.

మీ డబ్బు చూసుకునేందుకు ఫండ్ తీసుకునే ఫీజులు కూడా చూసుకోండి. 100 మీద ఏటా 7 శాతం వస్తే 30 ఏళ్లకి 761 అవుతుంది, అందులో 1 శాతం ఫీజు పోయి 6 మాత్రమే మిగిలితే 574. ఆ ఒక్క శాతం దాదాపు పావు వంతు తినేస్తుంది.

నా నాలుగు నెలల డబ్బు ఏమైందంటారా? నేనొక్కణ్ణే అడిగినన్నాళ్లూ వచ్చే నెల, వచ్చే నెల అంటూనే ఉన్నారు. తర్వాత మా సెక్షన్‌లో మిగతావాళ్లని కూడా స్టేట్‌మెంట్లు తెప్పించుకోమన్నాను. అందరివీ అవే నాలుగు నెలలు ఖాళీ. పదకొండు మందిమి సంతకాలు పెట్టి, పే స్లిప్పుల కాపీలు జతచేసి, ఒక కాపీ ఫండ్ వాళ్లకి, ఒకటి యాజమాన్యానికి పంపాం. ఆరు వారాల్లో నాలుగు నెలలదీ జమ అయింది. ఆలస్యమైనందుకు రావాల్సిన వడ్డీ కోసం మళ్లీ ఇంకో ఉత్తరం రాశాం, అదీ వచ్చింది.