బిష్కెక్ నుంచి నల్గొండ దాకా: ఫారిన్ ఎంబీబీఎస్ అసలు లెక్క

[నల్గొండ క్లాక్ టవర్ సెంటర్. పొద్దున ఎనిమిది. ఆటోల హారన్లు.]

నమస్తే. నా వెనక ఆ ఫ్లెక్సీ కనిపిస్తోందా? తక్కువ ఫీజు, డొనేషన్ లేదు, ఇంగ్లిష్ మీడియం, ఇండియన్ మెస్. నేను ఇంటర్ అయిపోయిన ఏడు కూడా ఇలాంటిదే ఒకటి ఇక్కడ వేలాడుతుండేది. అది చూసే కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వెళ్లాను. ఇప్పుడు సొంత జిల్లాలోనే డాక్టర్‌గా పనిచేస్తున్నాను. మధ్యలో జరిగింది మాత్రం ఫ్లెక్సీ మీద రాయరు.

[క్లోజప్: పాత క్యాలెండర్ కాగితం, వెనకవైపు పెన్నుతో వేసిన లెక్కలు]

ఇది మా నాయన రాసింది. ఫీజు, హాస్టల్, టికెట్లు, చలికోట్లు. అడుగున "ఆరేళ్లు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. ఆరేళ్లకు కొడుకు డాక్టరైపోతాడని ఆయన లెక్క. డిగ్రీ చేతికొచ్చినా ఇక్కడ జ్వరం గోళీ కూడా రాసివ్వకూడదని మా ఇద్దరికీ తెలియదు.

[తెర మీద: ఎఫ్‌ఎంజీఈ (ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్). 300 ప్రశ్నలు. 150 వస్తే పాస్.]

బయట చదివొచ్చిన మాలాంటివాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే ముందు ఈ పరీక్ష గట్టెక్కాలి. 2002 నుంచి ఉంది. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సెషన్ల పేరుతో పెడతారు. ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కోదానికి రెండున్నర గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. వింటే సులువే అనిపిస్తుంది. ఫలితాలొచ్చాక చూస్తే చాలాసార్లు ఐదుగురిలో ఒక్కరే ఒడ్డున పడతారు. నాకు మొదటిసారి 143. ఏడు మార్కులు తక్కువ. ఆ ఆర్నెల్లూ చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఎదురైన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "ఏం డాక్టర్ సాబ్, దవాఖాన ఎప్పుడు పెడుతున్నవ్?"

ఫెయిలైనవాళ్లంతా చదవనివాళ్లు కాదు. పేపర్ మన దేశపు రోగుల కోసం తయారవుతుంది, మనం చదివింది ఇంకో దేశపు రోగుల మధ్య. ఒక్క కమ్యూనిటీ మెడిసిన్‌కే 30 మార్కులు. మన టీకాల పట్టిక, మన టీబీ కార్యక్రమం, ఆశా వర్కర్ల పని, అన్నీ అందులోనే. ఒక ఉదాహరణ చూపిస్తాను.

[హోస్ట్ బోర్డు మీద రాస్తాడు: సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్]

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఇది. నాగ్‌పూర్‌లో ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. సున్నం, పటిక వేసి బాగా కలిపితే తెల్లగా మడ్డి పేరుకుంటుంది. ఫ్లోరైడ్ దాన్ని అంటిపెట్టుకుని అడుక్కి దిగుతుంది. బ్లీచింగ్ క్రిముల కోసం. దీని పేరేంటో తెలుసా? నల్గొండ టెక్నిక్. అవును, మన నల్గొండే. పాఠ్యపుస్తకాల్లో కూడా అదే పేరు. మర్రిగూడ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఆ ఫ్లోరైడ్ నీళ్లవల్ల నడుం వంగిపోయినవాళ్లను, కాళ్లు వంకరపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. బిష్కెక్‌లో ఆరేళ్లు మెడిసిన్ చదివాను. ఈ పేరు మాత్రం హైదరాబాద్‌లో కోచింగ్ మెటీరియల్ తిరగేస్తుంటే మొదటిసారి చూశాను. సిగ్గేసింది, నిజంగా.

అందుకే నా సలహా, రెండో ఏడాది నుంచే మన పుస్తకాలు కూడా పక్కన పెట్టుకోండి. తిరిగొచ్చాక చూద్దాం అనుకుంటే అప్పుడు 19 సబ్జెక్టులూ ఒక్కసారే మీద పడతాయి.

ఇక రూల్స్. 2021 నవంబర్ 18న వచ్చిన ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నియమాలు మా కాలంలో లేవు, మీకు ఉన్నాయి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్‌లోనే ఉండాలి. ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే, అదే కాలేజీలో చేయాలి. మధ్యలో కాలేజీ మారితే ఇక్కడ చెల్లదు. ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడి డాక్టర్లలాగే ప్రాక్టీస్ చేసుకునే లైసెన్స్‌కి అర్హత ఉండాలి. ఫిలిప్పీన్స్ వెళ్లిన కొందరికి దెబ్బ ఇక్కడే తగిలింది. ముందు చదివే బీఎస్ డిగ్రీని మెడిసిన్ కింద లెక్కేయరు, మిగిలిన ఎండీ (అక్కడి మెడిసిన్ డిగ్రీ పేరు అదే) ఒక్కటే 54 నెలలకు చాలదు. ఏజెంట్ "నీట్ లేకున్నా పంపిస్తాం" అన్నాడంటే చాయ్ తాగకుండానే లేచి వచ్చేయండి.

[తెర మీద: 150 సీట్లు × 7.5 శాతం = 11]

పరీక్ష పాసయ్యాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, తర్వాత ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. 2022లో ఎన్‌ఎంసీ పెట్టిన లెక్క ప్రకారం కాలేజీ సీట్లలో ఏడున్నర శాతం వరకే మాలాంటివాళ్లకు. అంటే 150 సీట్ల కాలేజీలో పదకొండు మంది. మన అదృష్టం, దక్షిణ తెలంగాణలో కాలేజీలు పెరిగాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడైతే అందరికీ హైదరాబాదే దిక్కు.

ఈలోపు ఖాళీగా ఉండలేక ఏదో నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేద్దామని అనిపిస్తుంది. పిలిచేవాళ్లూ ఉంటారు. వద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

[ఆస్పత్రి వరండా, రాత్రి. హోస్ట్ గొంతు తగ్గించి]

ఇంటర్న్‌షిప్‌లో నా మొదటి రాత్రి. ఒక పెద్దమనిషి వచ్చి, "పానం బాగలేదు సారూ, కడుపుల దేవుతుంది, పిక్కలు గుంజుతున్నయ్" అన్నాడు. బిష్కెక్‌లో మంచం చుట్టూ పదిహేను మందిమి నిలబడి, "గ్ద్యే బలీత్" అని రష్యన్‌లో ఎక్కడ నొప్పో అడిగేవాళ్లం. జవాబు సగమే అర్థమయ్యేది. ఇక్కడ ప్రతి ముక్కా అర్థమైంది. కానీ సెలైన్ పెట్టడానికి సూది పట్టుకుంటే చెయ్యి వణికింది. సిస్టర్ చూసి, "సార్, మీరు చెయ్యి పట్టుకోండి, ఈసారి నేను పెడతా" అంది. ఆ నెలంతా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పత్తి చేలకు కొట్టే మందు తాగినవాళ్లను ఎలా చూడాలో, కంటిపాప సూదిమొనంత అయితే దాని అర్థమేంటో కూడా ఇక్కడి సీనియర్లే చూపించారు. అక్కడ ఒక్క కేసు కూడా చూడలేదు.

ఇంకొకటి, చిన్నదే. పాత పాస్‌పోర్టు పారేయకండి. నిజంగా అక్కడ ఉండి చదివారా అన్నది ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపులు చూసే తేలుస్తారు. రిజిస్ట్రేషన్ కోసం మెడికల్ కౌన్సిల్‌కి నేను కొత్త పాస్‌పోర్టు ఒక్కటే తీసుకెళ్లాను. మొదటి నాలుగేళ్ల స్టాంపులున్న పాతది దేవరకొండలో, అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద ఉంది. కౌంటర్ దగ్గర నుంచి బయటికొచ్చి, హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో మళ్లీ దేవరకొండ బస్సెక్కాను.