ఎనిమిది గళ్లలో ఒక గుండె చప్పుడు: హార్దిక వలయం సాధన

(తెరపై: తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు)

నమస్కారం. ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం జంతుశాస్త్రంలో హార్దిక వలయాన్ని, అంటే ఒక్కో స్పందనలో గుండె గదులు వరుసగా సంకోచించి సడలే క్రమాన్ని, చాలామంది నాలుగైదుసార్లు పైకి చదివి, వచ్చేసిందనుకొని పుస్తకం మూసేస్తారు. అదే విషయాన్ని "జఠరికలు (గుండె కింది గదులు) సంకోచించేటప్పుడు ఏ కవాటాలు తెరుచుకొని ఉంటాయి?" అని కాస్త తిప్పి అడిగితే కలం ఆగిపోతుంది. అందుకని ఈ పాఠాన్ని ఇవాళ గీసి నేర్చుకుందాం.

కాగితంపై వరుసగా ఎనిమిది గళ్లు గీయండి. ఒక్కో గడి 0.1 సెకను. నిమిషానికి 72 స్పందనలంటే ఒక్కో వలయానికి సుమారు 0.8 సెకన్లు పడుతుంది. 60ని 72తో భాగిస్తే 0.83 వస్తుంది కదా అని కంగారు పడకండి, పాఠ్యపుస్తకాలు దాన్నే 0.8గా తీసుకుంటాయి.

(తెరపై: గళ్లు ఒక్కొక్కటిగా నిండుతాయి)

మొదటి గడి కర్ణికల (గుండె పై గదుల) సంకోచం. రెండు నుంచి నాలుగు వరకు జఠరికల సంకోచం. మిగిలిన నాలుగు గళ్లలో కర్ణికలు, జఠరికలు రెండూ సడలి ఉంటాయి. కర్ణికలకు 0.7 సెకన్లు, జఠరికలకు 0.5 సెకన్లు విశ్రాంతి దొరుకుతుందన్న సంగతి ఈ బొమ్మను చూస్తే చాలు, విడిగా బట్టీ పట్టనక్కరలేదు.

అసలు చిక్కంతా రెండో గడిలో ఉంది. జఠరికలు సంకోచించడం మొదలుపెట్టగానే లోపలి పీడనం పెరిగి, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉండే కర్ణికా జఠరికా కవాటాలు మూసుకుంటాయి. అప్పుడు వినిపించేదే "లబ్". అయితే జఠరికల నుంచి ధమనుల్లోకి వెళ్లే దారిలో ఉండే అర్ధచంద్రాకార కవాటాలు ఆ క్షణంలోనే తెరుచుకోవు. జఠరికల పీడనం ధమనుల్లోని పీడనాన్ని మించేదాకా నాలుగు కవాటాలూ మూసుకొనే ఉంటాయి, రక్తం ఎటూ కదలదు. మించిన తరువాతే తెరుచుకుంటాయి. ఐదో గడి మొదట్లో జఠరికలు సడలడంతో ధమనుల్లోని రక్తం వెనక్కి రాబోతుంది, అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుంటాయి, "డబ్" వినిపిస్తుంది. గుండె కండరం బిగుసుకోవడం వల్ల శబ్దం వస్తుందని రాసేవారు ఏటా కనిపిస్తూనే ఉంటారు. శబ్దానికి కారణం కవాటాలు మూసుకోవడమే.

ఇక లెక్కలు. సడలిన జఠరికలో నిండే రక్తం సుమారు 120 మిల్లీలీటర్లు, సంకోచం తరువాత మిగిలేది 50. అంటే ఒక స్పందనకు 70 మిల్లీలీటర్లు బయటకు వెళుతుంది. దాన్ని 72తో గుణిస్తే నిమిషానికి 5040 మిల్లీలీటర్లు, దాదాపు 5 లీటర్లు. ఇది ఒక్క జఠరిక లెక్క, రెండు జఠరికలున్నాయి కదా అని రెట్టింపు చేయకూడదు. ఇప్పుడు తిరగేసి చేయండి: నిమిషానికి 5600 మిల్లీలీటర్లు, 80 స్పందనలు అయితే ఒక్కో స్పందనకు ఎంత? వీడియో ఆపి, చేసి చూడండి.

(తెరపై: 5600 ÷ 80 = 70)

చివరగా ఎర్ర పెన్సిల్‌తో గళ్ల కింద ఈసీజీ, అంటే గుండెలోని విద్యుత్ మార్పులను చూపే గీత, గీయండి. అందులోని తరంగాల పేర్లు పి, క్యూఆర్‌ఎస్, టి. పి తరంగం మొదటి గడికి కాస్త ముందు మొదలవుతుంది, క్యూఆర్‌ఎస్ రెండో గడి అంచున నిలుస్తుంది, టి తరంగం జఠరికల సంకోచం ముగిసే వేళకు వస్తుంది. రేపు ఉదయం ఈ కాగితాన్ని బోర్లించి, మరో తెల్ల కాగితంపై అంతా మళ్లీ గీయండి. ఏ గడి దగ్గర చెయ్యి ఆగిందో దానికి మాత్రం పుస్తకం తెరవండి.